బావగారి కారు - బ్యాటరీ తీగె

గుంటూరు నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. వాళ్ళాయనకు పాత కారొకటి వుందట. నెలకో రెండు నెలలకో ఒకసారి తప్ప బయటికి తియ్యరట. తీసినప్పుడల్లా అది ససేమిరా కదలదట. వీధిలో నలుగురినీ బతిమాలి తోయించుకోవాలి. "బ్యాటరీ తీగె విప్పి వుంచితే ఈ బాధ తప్పుతుందని ఒకరంటారు. విప్పితే కారే పాడవుతుందని మరొకరంటారు. మా వారు ఎవరి మాటా వినరు. మీరు రాస్తే వింటారేమో!" అని ఉత్తరం ముగించారు.

అమ్మా, నేను రాసినంత మాత్రాన మీ వారు వింటారో వినరో నాకు తెలియదు. కాని సరిగ్గా ఈ సంగతి మీదే మా బావగారితో నేనొకసారి పెద్ద తగువు పడ్డాను. ఆ తగువేమిటో చెబుతాను. మీకు కావలసిన జవాబు అందులోనే వుంది.

మా అక్కయ్యా బావగారూ ఇంగ్లండులో, బర్మింగ్‌హాం దగ్గర వుంటారు. బావగారు 1968లో డాక్టరుగా అక్కడికి వెళ్ళారు. 1971లో, ఇంకా అక్కయ్య కాపరానికి వెళ్ళకముందే, జీతంలో మిగిల్చిన డబ్బంతా పోసి సెకండ్‌హాండు కారొకటి కొన్నారు. దాని పేరు ఎంజీబీ. 1965లో తయారైంది. రెండే సీట్లు, మడిచిపెట్టే గుడ్డ టాపు, ముదురాకుపచ్చ రంగు. ఆ రకం కార్లు ఆక్స్‌ఫర్డుకు దగ్గర ఆబింగ్డన్ అనే వూళ్ళో 1962 నుంచి 1980 దాకా చేశారు. అన్నీ కలిపి 5 లక్షలకు పైనే చేశారు. కనక అదేమీ మహారాజుల కారు కాదు. కుర్రకారు మోజుపడి కొనుక్కునే కారు. అక్కయ్య విమానం దిగిననాడు బావగారు ఆ కారులోనే ఇంటికి తీసుకువెళ్ళారట. పట్టుచీర కొంగు గాలికి ఎగిరిపోతూంటే పట్టుకోలేక ఏడ్చిందట. ఆ కథ మా ఇంట్లో ఇప్పటికి వందసార్లు విన్నాం.

ఇప్పుడు బావగారికి 80 దాటాయి. కారుకు 60 నిండాయి. బావగారికి మోకాళ్ళ నొప్పి. కారుకు ఏ నొప్పీ లేదు గాని, బయటికి వెళ్ళే సందర్భం తగ్గింది. ఎండ కాసిన రోజున, అదీ రెండు నెలలకు ఒకసారి, అలా పొలాల మధ్య రోడ్డు మీద పది మైళ్ళు తిప్పుకొస్తారు. మిగిలిన రోజులన్నీ షెడ్డులోనే.

నేను చలికాలంలో వెళ్ళాను. మొదటి ఆదివారం పొద్దున్నే కాఫీ తాగుతూండగా షెడ్డులో నుంచి ఇంజను చప్పుడు వినిపించింది. "మొదలైంది ఆదివారం పూజ" అని అక్కయ్య గబగబా చెప్పులు తొడుక్కుని వెళ్ళి, షెడ్డు తలుపు బార్లా తెరిచింది. వెనకాలే నేనూ వెళ్ళాను. లోపల పొగ. చలి కొడుతుందని తలుపు జానెడు మాత్రం తెరిచి, బావగారు కారులో కూచుని వున్నారు.

"బావగారూ, మీరు డాక్టరు. మూసిన గదిలో ఇంజను తిప్పితే వచ్చే కార్బన్ మోనాక్సైడు సంగతి నేను మీకు చెప్పాలా?" అన్నాను.

"తలుపు తెరిచే వుందిగా, మరదలా! పది నిమిషాలేగా! వారానికోసారి ఇలా తిప్పకపోతే బ్యాటరీ చచ్చి వూరుకుంటుంది" అన్నారు.

రంగూ వాసనా లేని విషవాయువుకు జానెడు సందు చాలదని ఆయనకూ తెలుసు. అయినా పట్టుదల. ఆ పట్టుదల చూసే ఈ సంగతేమిటో తేల్చుకోవాలని కూచున్నాను. ఆయన దగ్గరే కార్ల పుస్తకాలు బీరువాడు వున్నాయి. రెండు రోజులు అవే చదివాను.

మోటారు బ్యాటరీ కనిపెట్టి చాలా కాలమైంది. సీసపు రేకులను గంధకామ్లంలో ముంచి, మళ్ళీ మళ్ళీ విద్యుత్తు నింపుకోగలిగే బ్యాటరీని ఫ్రాన్సులో గాస్తోన్ ప్లాంటే అనే శాస్త్రజ్ఞుడు 1859లో తయారుచేశాడు. అప్పటికింకా మోటారు కార్లే లేవు. 1912లో అమెరికాలో కాడిలాక్ కార్లకు, చార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ స్టార్టరు పెట్టారు. అంతదాకా చేత్తో హాండిలు తిప్పి, ఒక్కొక్కప్పుడు అది ఎదురు తన్నితే మణికట్లు విరగ్గొట్టుకున్నవాళ్ళు, ఆ తరువాత బ్యాటరీ మీద ఆధారపడటం మొదలుపెట్టారు.

ఈ బ్యాటరీకి ఒక దుర్గుణం వుంది. వాడినా వాడకపోయినా లోపల వున్నది నెమ్మదిగా హరించిపోతుంది. మామూలు వాతావరణంలో మంచి బ్యాటరీ నెలకు నూటికి మూడు నుంచి అయిదు వంతుల దాకా తనంతట తానే పోగొట్టుకుంటుంది. అది పెద్ద నష్టం కాదు. అసలు నష్టం కారుకు తగిలించి వుంచటం వల్ల. తాళం తీసేసినా కారులో కొన్ని వస్తువులు నిద్రపోవు. గడియారం, రేడియో జ్ఞాపకం, దొంగల గంట, కొత్త కార్లలో అయితే కంప్యూటర్లు - ఇవన్నీ చీమల్లా కొంచెం కొంచెం తింటూనే వుంటాయి.

ఈ మాటే బావగారితో అన్నాను. ఆయన నవ్వారు. "ఇది 1965 నాటి కారమ్మా! ఇందులో కంప్యూటరు ఎక్కడిది? తినేవాడే లేడు."

"అయితే కొలిచి చూద్దాం" అన్నాను.

కొలవటం కష్టమేమీ కాదు. అన్నీ ఆర్పేసి, తలుపులు మూసి, బ్యాటరీ నుంచి కారు శరీరానికి వెళ్ళే తీగె విప్పి, ఆ విప్పినచోట మధ్యలో ఆంపియర్లు కొలిచే మీటరు తగిలించాలి. మీటరు వున్నంతసేపూ పొరపాటున కూడా కారు స్టార్టు చెయ్యకూడదు. చేస్తే మీటరు మాడిపోతుంది.

నేను టార్చిలైటు పట్టుకున్నాను. ఈ కారులో బ్యాటరీ బానెట్టు కింద వుండదు. సీట్ల వెనక తివాసీ ఎత్తితే రేకు మూత, దాని కింద ఒకటి కాదు, రెండు బ్యాటరీలు. ఒక్కొక్కటి 6 వోల్టులది. రెంటినీ వరసగా కలిపితే 12 వోల్టులు. బావగారు నడుం వంచలేకపోతున్నారని స్పానరు నేనే అందుకున్నాను. పుస్తకాల్లో చదివిన సూత్రం నాకు కంఠతా వచ్చేసింది: ముందు నెగెటివ్ తీగె విప్పాలి, తరువాతే పాజిటివ్. సరేనని నెగెటివ్ మీద స్పానరు పెట్టబోయాను.

"ఆగు!" అని ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. "ముందా గాజులు తియ్యి. ఆ తరువాత చెబుతాను నువ్వు చేస్తున్న తప్పేమిటో."

అప్పుడు తెలిసింది. మనం చూసే కార్లలో బ్యాటరీ నెగెటివ్ కొసను కారు ఇనుప శరీరానికి కలుపుతారు. కాని 1967 దాకా వచ్చిన ఎంజీబీల్లో అది తలకిందులు. పాజిటివ్ కొస శరీరానికి కలిపి వుంటుంది. ఆ కాలపు ఇంగ్లీషు కార్లు చాలా వాటికి ఇదే పద్ధతి. కనక అసలు సూత్రం "ముందు నెగెటివ్" అని కాదు. "కారు శరీరానికి కలిసి వున్న తీగె ఏదో, అది ముందు" అని. దీనికి కారణం తెలుసుకుంటే ఇక ఎన్నటికీ మరిచిపోరు. శరీరానికి కలిపిన కొసను విప్పుతూ స్పానరు పక్కన ఇనుముకు తగిలినా ఏమీ కాదు, అవి రెండూ ఒకటేగదా! రెండో కొసను ముందు విప్పబోయి స్పానరు ఇనుముకు తగిలిందో, బ్యాటరీలో వున్న బలమంతా ఆ స్పానరు గుండా ఒక్కసారి పారుతుంది. నిప్పురవ్వలు లేస్తాయి. స్పానరు కాలిపోయేంత వేడెక్కుతుంది. చేతికి బంగారు గాజో ఉంగరమో వుండి అది మధ్యలో ఇరుక్కుంటే, చర్మం కాలి ఎముక దాకా పోవచ్చు. బావగారు ఆస్పత్రిలో అలాంటి వేలు ఒకటి చూశారట. అందుకే గాజులు తీయించారు. మళ్ళీ తగిలించేటప్పుడు వరస తిరగెయ్యాలి: శరీరానికి కలిపే తీగె అన్నిటికన్నా చివర.

సరే, మీటరు తగిలించాం. ముల్లు సున్న దగ్గర నిలవలేదు. 30 మిల్లీ ఆంపియర్లు చూపించింది. బావగారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. ఎక్కడికి పోతోంది? పావుగంట వెతికితే దొరికింది. ఎప్పుడో కొన్నేళ్ళ కిందట దొంగల భయంతో, ఇలాంటి పాత కార్లకని ప్రత్యేకంగా అమ్మే గంట ఒకటి ఆయనే తెచ్చి బిగించారు. బిగించిన సంగతి ఆయనే మరిచిపోయారు!

30 మిల్లీ ఆంపియర్లంటే ఏపాటి అనిపిస్తుంది. లెక్క వెయ్యండి. రోజుకు 24 గంటలు తింటే 0.72 ఆంపియర్ అవర్లు. రెండు నెలలకు 43. ఆ బ్యాటరీలో పట్టేదే 50 పైచిలుకు. ఇక స్టార్టరు తిప్పటానికి మిగిలేదేముంది?

"పోనీ, అందుకేగా ఆదివారం ఆదివారం నింపుతున్నాను" అన్నారు బావగారు.

అదీ భ్రమే. ఆ కారులో విద్యుత్తు పుట్టించేది డైనమో. ఇంజను కాస్త వేగంగా తిరిగితే తప్ప అది ఏమీ ఇవ్వదు. షెడ్డులో నిలబెట్టి నెమ్మదిగా తిప్పుతూంటే డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలుగుతూనే వుంటుంది చూశారూ, "నేను నింపటంలేదు బాబో" అని అది మొరపెట్టుకోవటమే. అంతసేపూ ఇంజనులో నిప్పు పుట్టించే కాయిలూ, పెట్రోలు పంపూ బ్యాటరీ నుంచే తింటాయి. అంటే ఆదివారం పూజవల్ల బ్యాటరీ నిండకపోగా ఇంకా ఖాళీ అవుతోంది. పైగా పెట్రోలు మండితే నీటి ఆవిరి పుడుతుంది. ఇంజను పూర్తిగా వేడెక్కితే ఆ ఆవిరి బయటికి పోతుంది. పది నిమిషాల్లో ఆపేస్తే గొట్టంలోనూ నూనెలోనూ నీరై నిలిచి తుప్పు పట్టిస్తుంది. తిప్పితే రోడ్డు మీద అరగంటైనా నడపాలి. లేకపోతే అసలు ముట్టుకోకుండా వుంచటమే మేలు.

బ్యాటరీ ఖాళీగా పడివుంటే మరో ప్రమాదం. రేకుల మీద సీసపు సల్ఫేటు పేరుకుంటుంది. వెంటనే నింపితే అది కరిగిపోతుంది. వారాల తరబడి వదిలేస్తే గట్టిపడి రాయవుతుంది. అప్పుడిక ఎంత నింపినా పట్టదు. చలిదేశంలో ఇంకొకటి: నిండిన బ్యాటరీలో ద్రావకం సున్నాకు 50 డిగ్రీలు దిగువనైనా గడ్డకట్టదు. ఖాళీ అయిన బ్యాటరీలో ద్రావకం దాదాపు నీళ్ళే గనక, సున్నాకు కొద్ది డిగ్రీల దిగువనే గడ్డకట్టి డొక్క పగలగొడుతుంది.

ఇన్ని చెప్పినా బావగారు మాట్లాడలేదు. తీగె విప్పివుంచటానికి ఒప్పుకోలేదు. "రేపు చూద్దాం" అన్నారు. మర్నాడూ అదే మాట. మూడోనాడు రాత్రి భోజనాల దగ్గర నేను రెట్టించి అడిగితే, కంచంలోకి చూస్తూ నెమ్మదిగా అన్నారు:

"నీ లెక్కలన్నీ నిజమేనమ్మా. కాని తీగె విప్పటమంటే ఇక నడపనని ఒప్పుకున్నట్టే. ఆ తరువాత ఎవరో ఒకరు వచ్చి, ఎలాగూ వాడటంలేదుగా, అమ్మెయ్యండి అంటారు."

నాకు నోట మాట రాలేదు. బ్యాటరీ మాట్లాడుతున్నామనుకున్నాను గాని ఆయన మనసులో వున్నది అది కాదు. అక్కయ్య మాత్రం మజ్జిగ పోస్తూ, "రాత్రి పడుకునేటప్పుడు కళ్ళజోడు తీసి బల్లమీద పెడతారుగదా! తెల్లారి పేపరు చదవటం మానేశారా?" అంది.

బావగారు నవ్వలేదు గాని మజ్జిగన్నం కలుపుకుంటూ, "ఆ మీటేదో తెప్పిద్దాంలే" అన్నారు.

మీట అంటే బ్యాటరీ తీగె మధ్యలో బిగించే స్విచ్చి. ఖరీదు స్వల్పం. శరీరానికి కలిసే తీగెకు, అంటే బావగారి కారులో పాజిటివ్‌కు, మనవాళ్ళ కార్లలో నెగెటివ్‌కు, దీన్ని అమరుస్తారు. బిళ్ళ తిప్పితే బ్యాటరీకీ కారుకూ సంబంధం తెగిపోతుంది. మళ్ళీ తిప్పితే కలుస్తుంది. ప్రతిసారీ స్పానరు పట్టుకుని నడుం వంచనక్కరలేదు. పైగా బిళ్ళను ఊడదీసి జేబులో వేసుకుంటే, దొంగ వచ్చినా మామూలు పద్ధతిలో కారు స్టార్టు చెయ్యలేడు. దొంగల గంటతో పనే లేదు!

ఇక గుంటూరు సోదరికీ, అలాంటి ఇతర పాఠకులకూ చెప్పవలసినవి. ముఖ్యంగా పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళి ఆరు నెలలు వుండివచ్చే తల్లిదండ్రులు ఇవి గుర్తుపెట్టుకోవాలి.

మొదటిది: రెండు మూడు వారాలకు మించి కారు కదలదనుకుంటే తీగె విప్పటం మంచిదే. పాత కారుకు దానివల్ల ఏ నష్టమూ లేదు. ఇంజను ఆగి, తాళంచెవి తీసి, దీపాలన్నీ ఆరాకనే విప్పాలి.

రెండోది: విప్పే ముందు బ్యాటరీని పూర్తిగా నింపండి. ఖాళీ బ్యాటరీని విప్పి దాచటం, ఆకలితో వున్నవాణ్ణి గదిలో పెట్టి తాళం వెయ్యటం లాంటిది. నింపి కొన్ని గంటలు ఆగి మీటరుతో చూస్తే 12.6 వోల్టులు, ఆ పైన వుండాలి. 12.4 అంటే ముప్పాతిక. 12.2 అంటే సగం. 12.4కు దిగితే మళ్ళీ నింపాలి.

మూడోది: తీగె విప్పినా బ్యాటరీ తనంతట తాను తరుగుతూనే వుంటుందని మరువకండి. వేడి పది డిగ్రీలు పెరిగితే ఈ తరుగుదల సుమారు రెట్టింపవుతుంది. మన గుంటూరు, విజయవాడ ఎండల్లో రేకుల షెడ్డు కింద వుంటే చెప్పేదేముంది! ఇంగ్లండులో బ్యాటరీకి చలి శత్రువైతే, మన దగ్గర ఎండ శత్రువు. రెండు నెలలకోసారి ఎవరిచేతనైనా నింపించండి. షెడ్డులో కరెంటు ప్లగ్గు వుంటే, నిండగానే తనంతట తానే తగ్గించుకునే చార్జరు తగిలించి వుంచవచ్చు. అది పెడితే తీగె విప్పే పనే వుండదు. పాతరకం చార్జరును మాత్రం రోజుల తరబడి వదలకండి. లోపలి నీళ్ళు మరిగి ఇగిరిపోతాయి.

నాలుగోది: నింపేటప్పుడు బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది. గాలిలో అది నూటికి 4 వంతులైతే చాలు, నిప్పురవ్వకు పేలుతుంది. తలుపులు తెరిచి వుంచండి. దగ్గరలో చుట్టా బీడీ కాల్చవద్దు. చార్జరు స్విచ్చి ఆపాకనే కొసలు తగిలించటమైనా తియ్యటమైనా. మూత తీసి నీళ్ళు పోసే రకమైతే డిస్టిల్డు వాటరే పొయ్యాలి, బావినీళ్ళు పనికిరావు. కొసల మీద పేరుకున్న తెల్లటి, పచ్చటి పొడిని తినేసోడా కలిపిన నీళ్ళతో కడిగి, ఆరాక వాజిలీను రాయండి. తరువాత చేతులు సబ్బుతో కడుక్కోండి.

అయిదోది కొత్త కార్లకు, 1990 తరువాతి స్పోర్ట్సు కార్లకు కూడాను. విప్పితే రేడియో రహస్య సంఖ్య అడగవచ్చు. అది ముందే రాసి పెట్టుకోండి. అద్దాలు తనంతట తాము పైకి లేవటం మరిచిపోవచ్చు. ఇంజను కొద్ది రోజులు కాస్త తడబడి మళ్ళీ సర్దుకోవచ్చు. ఇవేమీ జబ్బులు కావు. కాని ఒకటి మాత్రం జాగ్రత్త: కొన్ని కార్లలో బ్యాటరీ మీది మూత విద్యుత్తుతోనే తెరుచుకుంటుంది. విప్పి మూత వేశారో, మళ్ళీ తెరవటానికి విద్యుత్తు లేదు, విద్యుత్తు కోసం మూత తెరవాలి! అలాంటి కారైతే చేత్తో తెరిచే ఉపాయం ఎక్కడుందో కారు పుస్తకంలో చూసుకోండి. దూరం నుంచి మీట నొక్కితే తెరుచుకునే తలుపులకు కూడా అసలు తాళంచెవి ఒకటి వుంటుంది. అది చేత పట్టుకునే తీగె విప్పండి.

విప్పిన బ్యాటరీని సిమెంటు నేలమీద పెడితే దిగిపోతుందని పెద్దలంటారు. ఇప్పటి ప్లాస్టిక్కు డొక్కలకు ఆ భయం లేదు. బల్లమీద పెట్టినా ఒకటే, నేలమీద పెట్టినా ఒకటే.

నేను తిరిగి వచ్చేముందు ఒకరోజు ఎండ కాసింది. బావగారు సీటు వెనక చెయ్యి పెట్టి బిళ్ళ తిప్పారు. తాళం తిప్పగానే పెట్రోలు పంపు టకటకమంది. రెండోసారికి ఇంజను అందుకుంది. అక్కయ్య ఈసారి తలకు గుడ్డ కట్టుకుని, కొంగు నడుముకు దోపుకుని మరీ ఎక్కింది. రెండే సీట్లు గదా, నేను గుమ్మంలో నిలబడి చెయ్యి వూపాను. ముప్పావు గంటకు తిరిగి వచ్చారు. దిగగానే బావగారు బిళ్ళ ఊడదీసి, ఇంట్లోకి వచ్చి, రాత్రిళ్ళు కళ్ళజోడు పెట్టుకునే బల్లమీద పెట్టారు.

ఆదివారం షెడ్డులో చప్పుడు లేదు. సోదరీ, మీ వారికి ఈ పేజీ చదివి వినిపించండి. విప్పండి అని మాత్రం అనకండి. "వచ్చే నెల మనం ఎక్కడికి వెళదాం?" అని అడగండి. తీగె సంగతి ఆయనే చూసుకుంటారు.